విశ్వవిద్యాలయాలలో న్యాయ మనోవిజ్ఞాన బోధన: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

న్యాయస్థానంలో సాక్షి చెప్పే మాట, నిందితుడు ఒప్పుకొనే నేరం, న్యాయమూర్తి ఏర్పరచుకొనే నమ్మకం అన్నీ మనోవ్యాపారాలే. వీటిని శాస్త్రీయంగా పరిశీలించే న్యాయ మనోవిజ్ఞానం 19వ శతాబ్ది చివరి దశకంలో రూపుదిద్దుకొంది. నేడది అనేక దేశాలలో విశ్వవిద్యాలయ పాఠ్యవిభాగం. ఐరోపా, అమెరికాలలో ఈ బోధన సాక్ష్యంలోని దోషాలను విమర్శించే పరిశోధనగా మొదలైంది. భారతదేశంలో అది ప్రధానంగా దర్యాప్తుకు తోడ్పడే ప్రయోగశాల సాధనంగా పరిచయమైంది. ఈ రెండు మార్గాల భేదాన్ని, దాని పర్యవసానాలను, తెలుగు సాక్ష్యానికి సంబంధించి మన విశ్వవిద్యాలయాలు చేపట్టవలసిన పరిశోధనను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: న్యాయ మనోవిజ్ఞానం, సాక్ష్యం, జ్ఞాపకం, సూచనావశ్యత, నార్కో పరీక్ష, బాలల న్యాయం, తెలుగు వాంగ్మూలం.

1. ఉపోద్ఘాతం

ఇంగ్లీషులో ఫోరెన్సిక్ సైకాలజీ అని వ్యవహరించే శాస్త్రాన్ని తెలుగులో న్యాయ మనోవిజ్ఞానం, నేర మనస్తత్వశాస్త్రం అని రెండు విధాలుగా పిలుస్తున్నారు. ఈ రెండు పేర్లూ సమానార్థకాలు కావు. 'ఫోరెన్సిక్' అనే మాటకు మూలం రోమన్ల ఫోరమ్, అంటే బహిరంగ వ్యవహారస్థలం. ఆ అర్థంలో ఈ శాస్త్రానికి విషయం నేరస్థుడి మనస్సు ఒక్కటే కాదు, న్యాయప్రక్రియలో పాల్గొనే ప్రతి ఒక్కరి మనస్సూ. సాక్షి, బాధితుడు, దర్యాప్తు అధికారి, న్యాయవాది, న్యాయమూర్తి అందరూ దాని పరిధిలోకి వస్తారు. 'నేర మనస్తత్వశాస్త్రం' అన్నప్పుడు దృష్టి నిందితుడి మీదనే నిలిచిపోతుంది. అందువల్ల ఈ వ్యాసంలో 'న్యాయ మనోవిజ్ఞానం' అనే పదాన్నే వాడుతున్నాను.

ఈ భేదం పదచర్చతో ముగిసేది కాదు. ఒక శాస్త్రం ఏ విభాగంలో, ఎవరి అవసరం కోసం పుట్టిందో దాన్నిబట్టి అది వేసే ప్రశ్నలు మారుతాయి. 'సాక్షిని ఎంతవరకు నమ్మవచ్చు?' అన్న ప్రశ్నతో మొదలైన శాస్త్రమూ, 'నిందితుడి నుంచి నిజం ఎలా రాబట్టాలి?' అన్న ప్రశ్నతో మొదలైన శాస్త్రమూ ఒకే పేరుతో చలామణీ కావచ్చు. వాటి ఫలితాలు మాత్రం వేరు.

2. భారతీయ వ్యవహార సంప్రదాయంలో సాక్షి పరీక్ష

'సాక్షి' అంటే ప్రత్యక్షంగా చూసినవాడు అని వైయాకరణుల నిర్వచనం. పాణిని అష్టాధ్యాయి 5వ అధ్యాయం 2వ పాదంలో ఈ పదసిద్ధికి ప్రత్యేకంగా ఒక సూత్రం ఉంది. చూసినవాడే సాక్షి అన్న భావన మన న్యాయచింతనలో అంత ప్రాచీనమైనది. అయితే చూసినవాడు చూసినట్టే చెబుతాడా అన్న సందేహమూ అంతే పాతది. కూటసాక్షిని గుర్తించడానికి యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం కొన్ని దేహలక్షణాలను పేర్కొంటుంది. నిలకడ లేకుండా కదలడం, పెదవుల మూలలు నాకడం, నొసట చెమట పట్టడం, ముఖవర్ణం మారడం, మాట తడబడటం వాటిలో కొన్ని. ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు చేశాడు. సాక్ష్యం, వ్యవహారం వంటి విషయాలను తెలుగులో శాస్త్రగ్రంథంగా చర్చించే సంప్రదాయం మనకు ఏడు శతాబ్దాలకు పూర్వమే ఉందనడానికి ఇది నిదర్శనం.

దేహలక్షణాలనుబట్టి అబద్ధాన్ని పసిగట్టవచ్చన్న ఆ నమ్మకం ఆధునిక చట్టంలోనూ కొనసాగింది. సాక్షి హావభావాలపై న్యాయమూర్తి ముఖ్యమైన వ్యాఖ్యలు నమోదు చేయాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్ నిర్దేశించింది. మనోవిజ్ఞాన పరిశోధన ఈ నమ్మకాన్ని బలపరచలేదు. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో ప్రకటించిన సమీక్ష అనేక ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించింది. ప్రత్యేక సహాయం లేకుండా, కేవలం చూసి, విని నిజాన్నీ అబద్ధాన్నీ వేరుచేసేటప్పుడు మనుషులు సగటున 54 శాతం మాత్రమే సరిగా చెప్పగలిగారు. నాణెం ఎగరవేసి చెప్పినా 50 శాతం సరిపోతుంది. చెమట పట్టేది అబద్ధికుడికే కాదు, మొదటిసారి బోనెక్కిన నిజాయితీపరుడికి కూడా.

3. ఐరోపా, అమెరికాలలో తొలి ప్రయోగాలు

విల్‌హెల్మ్ వుంట్ 1879లో లైప్జిగ్‌లో స్థాపించిన ప్రయోగశాల మనోవిజ్ఞానాన్ని ప్రయోగశాస్త్రంగా నిలబెట్టింది. న్యాయ మనోవిజ్ఞానానికి బాటలు వేసినవారిలో పలువురు ఆ ప్రయోగశాలతో సంబంధం ఉన్నవారే. వుంట్ శిష్యుడు జేమ్స్ మెకీన్ కాటెల్ 1893 మార్చిలో కొలంబియా విద్యాసంస్థలో 56 మంది విద్యార్థులను కొన్ని సాధారణ ప్రశ్నలు అడిగాడు. వారం క్రితం ఇదే రోజున వాతావరణం ఎలా ఉంది? ఆపిల్ పండులో గింజల మొన ఎటువైపు ఉంటుంది? ప్రతి జవాబుకూ దానిపై తమకు ఎంత నమ్మకం ఉందో కూడా చెప్పమన్నాడు. వాతావరణం గురించిన జవాబులు ఊహతో చెప్పినవాటికన్నా పెద్దగా మెరుగ్గా లేవు. జవాబుపై ఉన్న నమ్మకానికీ, జవాబు సరైనదో కాదో అన్నదానికీ మధ్య పొంతన నిలకడగా కనిపించలేదు. 1895లో ప్రచురితమైన ఈ చిన్న పరిశీలనే సాక్ష్య మనోవిజ్ఞానానికి తొలి ప్రయోగంగా చరిత్రకారులు పరిగణిస్తారు.

ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే 1900లో సూచనావశ్యతపై గ్రంథం వెలువరించాడు. ప్రశ్న వేసే తీరునుబట్టి పిల్లల జవాబులు మారిపోతాయని అతని ప్రయోగాలు నిరూపించాయి. జర్మనీలో విలియం స్టెర్న్, నేరశిక్షా పండితుడు ఫ్రాంజ్ ఫాన్ లిస్ట్‌తో కలిసి 1901లో బెర్లిన్‌లో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. న్యాయశాస్త్ర తరగతిలో ముందే అనుకొన్న ప్రకారం ఇద్దరు విద్యార్థులు తగాదాపడ్డారు. ఒకరు తుపాకీ తీశారు. ఆ తరువాత చూసినవారితో ఏం జరిగిందో చెప్పించారు. దోషం లేని కథనం ఒక్కటీ రాలేదు. ఉద్వేగం పెరిగిన ఘట్టంలోనే పొరపాట్లు ఎక్కువయ్యాయి. 1903 నుంచి 1906 వరకు స్టెర్న్ సాక్ష్య మనోవిజ్ఞానానికే ఒక పత్రికను నడిపాడు.

గమనించవలసిన అంశం ఏమిటంటే, ఈ ప్రయోగాలు చాలావరకు తరగతి గదులలో జరిగాయి. పరిశీలనకు లోనైనవారు రేపటి న్యాయవాదులు, న్యాయమూర్తులు. తమ కళ్ళతో చూసినదాన్ని తామే తప్పుగా చెప్పామని తెలుసుకొన్న విద్యార్థికి సాక్షిపట్ల కలిగే వివేకం పుస్తకపఠనంతో రాదు. న్యాయ మనోవిజ్ఞాన బోధనకు ఇది పునాది.

4. హాన్స్ గ్రాస్ గ్రంథం, మద్రాసు అనువాదం

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరానికి చెందిన హాన్స్ గ్రాస్ నేరవిచారణ న్యాయాధికారిగా పనిచేశాడు. 1893లో నేరదర్యాప్తు కరదీపికను, 1898లో నేర మనోవిజ్ఞాన గ్రంథాన్ని ప్రకటించాడు. దర్యాప్తుకు దొరికే వస్తువులనే కాక, వాటిని చూసే అధికారి మనస్సును కూడా పరీక్షించాలన్నది ఆయన ప్రతిపాదన. ముందే ఒక అభిప్రాయం ఏర్పరచుకొన్న అధికారి దానికి అనుకూలమైన ఆధారాలనే చూస్తాడని ఆయన హెచ్చరించాడు.

మొదటి గ్రంథానికి తెలుగు ప్రాంతంతో పరోక్షమైనా వాస్తవమైన సంబంధం ఉంది. దాని ఇంగ్లీషు రూపాంతరం 1906లో మద్రాసులో వెలువడింది. అనువదించినవారు మద్రాసు పబ్లిక్ ప్రాసిక్యూటర్ జాన్ ఆడమ్, జె. కాలియర్ ఆడమ్. భారత, వలసరాజ్యాల ఆచరణకు అనుగుణంగా దాన్ని మార్చారు. కోస్తాంధ్ర, రాయలసీమలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ విధంగా జర్మన్ భాషలోని ఈ శాస్త్రం ఇంగ్లీషు పాఠకలోకానికి చేరిన దారి మద్రాసు మీదుగా సాగింది. అయితే ఆ పుస్తకం మెజిస్ట్రేట్లు, పోలీసు అధికారులు, న్యాయవాదుల కోసం ఉద్దేశించినది. విశ్వవిద్యాలయ విద్యార్థి దాని పాఠకుడు కాడు. మన దేశంలో న్యాయ మనోవిజ్ఞానం తరువాతి కాలంలో నడిచిన దారికి ఇది తొలి సూచన.

5. మున్‌స్టర్‌బర్గ్ వాదం, విగ్‌మోర్ ప్రతివాదం

వుంట్ వద్దే చదివిన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ హార్వర్డ్ ఆచార్యుడయ్యాడు. 1908లో 'ఆన్ ది విట్‌నెస్ స్టాండ్' అనే వ్యాససంపుటిని ప్రకటించాడు. ప్రత్యక్షసాక్షి జ్ఞాపకం, అసత్యపు ఒప్పుకోళ్ళు, ప్రశ్నల ప్రభావం వంటి విషయాలను సాధారణ పాఠకుడికి అర్థమయ్యేలా చర్చించాడు. మనోవిజ్ఞానాన్ని పట్టించుకోని న్యాయవాదులను తీవ్రంగా ఆక్షేపించాడు. దీనికి సాక్ష్యచట్ట పండితుడు జాన్ హెన్రీ విగ్‌మోర్ 1909లో వ్యంగ్యంగా జవాబిచ్చాడు. మున్‌స్టర్‌బర్గ్‌పై పరువునష్టం దావా పడినట్టు కల్పించి, వాదప్రతివాదాల రూపంలో ఒక వ్యాసం రాశాడు. ఆ వ్యంగ్యం వెనుక ఉన్న ప్రశ్న మాత్రం గంభీరమైనది. న్యాయస్థానంలో వాడదగిన, నిర్ధారితమైన పద్ధతులు మనోవిజ్ఞానం వద్ద నిజంగా ఉన్నాయా? సగటున సాక్షులు పొరబడతారని చెప్పడం వేరు, ఎదుట ఉన్న ఈ సాక్షి పొరబడ్డాడని చెప్పడం వేరు.

ఈ ప్రశ్నకు జవాబు దొరకకముందే శాస్త్రం న్యాయస్థానంలోకి అడుగుపెట్టింది. మున్‌స్టర్‌బర్గ్ శిష్యుడు విలియం మౌల్టన్ మార్‌స్టన్ రక్తపోటు మార్పులనుబట్టి అబద్ధాన్ని కనిపెట్టే పరీక్షను రూపొందించాడు. 1922లో వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో న్యాయ మనోవిజ్ఞాన ఆచార్యుడయ్యాడు. ఈ శాస్త్రం పేరుతో ఏర్పడిన తొలి ఆచార్యపదవులలో అదొకటి. మరుసటి ఏడాదే, 1923లో, ఫ్రై కేసులో ఆయన పరీక్షా ఫలితాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి న్యాయస్థానం నిరాకరించింది. కొత్త పద్ధతి ఆ రంగంలోని శాస్త్రజ్ఞుల సాధారణ ఆమోదం పొంది ఉండాలని సూత్రీకరించింది. అమెరికాలో నిపుణుల సాక్ష్యాన్ని కొన్ని దశాబ్దాలపాటు శాసించిన సూత్రం ఇలా న్యాయ మనోవిజ్ఞానం ఎదుర్కొన్న తిరస్కారం నుంచే పుట్టింది. ప్రయోగశాలలో నిర్ధారణ పూర్తికాకముందే న్యాయస్థానానికి చేరిన శాస్త్రం ఎలా దెబ్బతింటుందో ఈ ఉదంతం చెబుతుంది.

6. పాఠ్యవిభాగంగా స్థిరపడిన వైనం

రెండో ప్రపంచయుద్ధానంతరం పరిస్థితి మారింది. 1954లో బ్రౌన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పాఠశాలల్లో జాతివివక్షను కొట్టివేస్తూ, తీర్పు పాదసూచికలో కెనెత్ క్లార్క్ పరిశోధనతో సహా పలు మనోవిజ్ఞాన, సామాజికశాస్త్ర రచనలను ప్రస్తావించింది. 1962లో జెన్‌కిన్స్ కేసులో వాషింగ్టన్ అప్పీలు న్యాయస్థానం, వైద్యపట్టా లేదన్న ఒక్క కారణంతో మనోవిజ్ఞానవేత్త సాక్ష్యాన్ని తోసిపుచ్చరాదని తీర్పిచ్చింది. ఇక్కడి నుంచి తగిన శిక్షణ అంటే ఏమిటన్న ప్రశ్న విశ్వవిద్యాలయాల ముందు నిలిచింది. 1974లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం న్యాయశాస్త్రం, మనోవిజ్ఞానం రెండింటిలో ఉమ్మడిగా పట్టాలిచ్చే కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1977లో 'లా అండ్ హ్యూమన్ బిహేవియర్' పత్రిక వెలువడింది. 2001లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ దీన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది. బ్రిటన్‌లో 1977లో బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీలో నేర, న్యాయ మనోవిజ్ఞాన విభాగం ఏర్పడింది. 1999లో దాని పేరు ఫోరెన్సిక్ సైకాలజీ విభాగంగా మారింది.

1974లోనే ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం వెలువడింది. కార్ల ప్రమాదం చిత్రాన్ని చూపి, అవి ఎంత వేగంతో వెళుతున్నాయని అడిగారు. ప్రశ్నలో క్రియాపదం మాత్రమే మార్చారు. తాకినప్పుడు అనే అర్థం గల క్రియ వాడితే సగటు జవాబు గంటకు 31.8 మైళ్ళు. నుజ్జయ్యేలా గుద్దుకొన్నప్పుడు అనే అర్థం గల క్రియ వాడితే 40 మైళ్ళకు పైగా. రెండో ప్రయోగంలో వారం తరువాత పగిలిన గాజు చూశారా అని అడిగారు. చిత్రంలో గాజు పగలనే లేదు. తీవ్రమైన క్రియ విన్న 50 మందిలో 16 మంది, సాధారణ క్రియ విన్న 50 మందిలో 7గురు చూశామన్నారు. ప్రశ్న జవాబును మాత్రమే కాక జ్ఞాపకాన్ని కూడా మార్చగలదన్న సిద్ధాంతానికి ఇది మూలం. 1989 తరువాత అమెరికాలో డి.ఎన్.ఎ. పరీక్షల ద్వారా నిర్దోషులుగా తేలినవారి కేసులు ఈ హెచ్చరికకు బలం చేకూర్చాయి. వాటిలో సగానికి మించిన కేసులలో ప్రత్యక్షసాక్షులు నిందితుణ్ణి పొరపాటుగా గుర్తించడం ఒక కారణంగా తేలింది. ఆ సాక్షులలో చాలామంది అబద్ధం చెప్పినవారు కారు. తాము చెప్పేది నిజమని నమ్మినవారు.

7. భారతదేశంలో మనోవిజ్ఞానం, నేరశాస్త్రం: విడిపోయిన దారులు

భారతదేశంలో మనోవిజ్ఞానానికి తొలి విశ్వవిద్యాలయ విభాగం 1916లో కలకత్తాలో ఏర్పడింది. దానికి నాయకత్వం వహించిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో మున్‌స్టర్‌బర్గ్ వద్ద శిక్షణ పొందినవాడు. 'ఆన్ ది విట్‌నెస్ స్టాండ్' రచయిత శిష్యుడే మన తొలి విభాగాన్ని నిర్మించాడన్నమాట. అయినా గురువు లేవనెత్తిన సాక్ష్యచర్చ ఇక్కడ పాఠ్యవిభాగంగా వేళ్ళూనలేదు. 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి నాయకత్వంలో మరో విభాగం మొదలైంది. ప్రయోగ మనోవిజ్ఞానం, బుద్ధిమాపనం, మనోవిశ్లేషణ వంటి శాఖలు ఆ తరంలో ప్రాధాన్యం వహించాయి.

నేరశాస్త్రం మరో దారిలో వచ్చింది. 1959లో సాగర్ విశ్వవిద్యాలయంలో నేరశాస్త్ర, ఫోరెన్సిక్ సైన్సు విభాగం ప్రారంభమైంది. ఢిల్లీలో కేంద్ర హోంశాఖ కింద నేరశాస్త్ర, ఫోరెన్సిక్ సైన్సు సంస్థ ఏర్పడింది. గుజరాత్ ప్రభుత్వం గాంధీనగర్‌లో స్థాపించిన ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయమైంది. న్యాయ మనోవిజ్ఞానాన్ని ప్రత్యేకంగా చదవదలచిన భారతీయ విద్యార్థికి నేడు ప్రధానంగా కనిపించేవి ఇటువంటి సంస్థలే. యు.జి.సి. జాతీయ అర్హతా పరీక్షలో మనోవిజ్ఞానం, నేరశాస్త్రం, ఫోరెన్సిక్ సైన్సు మూడు వేర్వేరు విషయాలు. న్యాయ మనోవిజ్ఞానం వీటి మధ్య ఎక్కడో ఒకచోట తలదాచుకోవలసిందే.

ఈ విభజనకు మూలం పాలనావ్యవస్థలో ఉంది. మన ఫోరెన్సిక్ ప్రయోగశాలలు చాలావరకు హోంశాఖల పరిధిలోవి. వాటి మనోవిజ్ఞాన విభాగాలకు వచ్చే అభ్యర్థన దర్యాప్తు సంస్థది. సహజంగానే అక్కడ పెరిగినవి పాలీగ్రాఫ్, నార్కో, మెదడు తరంగాల పరీక్షలు. సాక్షి జ్ఞాపకంపై, గుర్తింపు పరేడుపై, విచారణలో వేసే ప్రశ్నలపై పరిశోధించమని దర్యాప్తు సంస్థ కోరదు. ఆ ప్రశ్నలు వేయవలసింది విశ్వవిద్యాలయం.

8. 2010 తీర్పు నేర్పిన పాఠం

ఈ పరీక్షల చరిత్రలో 2008, 2010 సంవత్సరాలు ముఖ్యమైనవి. 2008లో పుణె సెషన్స్ న్యాయస్థానం ఒక హత్యకేసులో శిక్ష విధిస్తూ మెదడు తరంగాల పరీక్షా ఫలితాన్ని కూడా ఆధారంగా స్వీకరించింది. ప్రపంచవ్యాప్తంగా నాడీశాస్త్రజ్ఞులు, న్యాయపండితులు దీన్ని విమర్శించారు. తగినంత స్వతంత్ర పరిశోధన, ఇతర శాస్త్రజ్ఞుల పరీక్ష లేని పద్ధతిపై ఒక వ్యక్తి స్వేచ్ఛను నిర్ణయించడమే వారి అభ్యంతరం.

2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు నార్కో, పాలీగ్రాఫ్, మెదడు తరంగాల పరీక్షలను వ్యక్తి సమ్మతి లేకుండా జరపరాదని తీర్పిచ్చింది. బలవంతపు పరీక్ష రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకు విరుద్ధమని ప్రకటించింది. సమ్మతితో జరిగిన పరీక్షలో చెప్పిన మాటలు కూడా వాటంతట అవి సాక్ష్యం కావని, వాటి ఆధారంగా తరువాత వెలుగుచూసిన వస్తువు లేదా సమాచారం సాక్ష్యచట్టం 27వ సెక్షన్ మేరకు అంగీకారయోగ్యం కావచ్చని చెప్పింది. ఆ తీర్పులో ఈ పద్ధతుల శాస్త్రీయ విశ్వసనీయతపై విస్తృతమైన చర్చ ఉంది.

1923 ఫ్రై తీర్పునూ 2010 సెల్వి తీర్పునూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక పోలిక స్పష్టమవుతుంది. రెండు సందర్భాలలోనూ విశ్వవిద్యాలయం అంతకుముందే చేయవలసిన పరీక్షను న్యాయస్థానం చివరికి చేయవలసి వచ్చింది. తేడా ఒక్కటే. అమెరికాలో ఆ తిరస్కారం తరువాతి దశాబ్దాలలో సాక్ష్యంపై, ఒప్పుకోళ్ళపై విస్తృత పరిశోధన జరిగింది. మన దేశంలో ఆ పరిశోధన ఇంకా బలపడవలసి ఉంది.

9. నేటి అవసరం: బాలుడు, మరణశిక్ష ఖైదీ

ఈ చర్చ ఎవరికి అవసరమో రెండు చట్టసందర్భాలు చెబుతాయి. 2015 నాటి బాలల న్యాయచట్టం 15వ సెక్షన్ ప్రకారం 16 ఏళ్ళు నిండిన బాలుడిపై హేయమైన నేరారోపణ వస్తే బాలల న్యాయమండలి ప్రాథమిక మదింపు జరపాలి. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలను గ్రహించే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు అనే అంశాలను పరిశీలించాలి. బాలుణ్ణి వయోజనుడిగా విచారించాలా అన్నది దీనిపై ఆధారపడుతుంది. మండలిలో బాలల మనోవిజ్ఞానంలోనో మనోవైద్యంలోనో పట్టా ఉండి వృత్తిలో ఉన్నవారు లేనప్పుడు నిపుణుల సహాయం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం కేసులో మరణశిక్షకు సంబంధించి నిందితుడి మానసిక స్థితిపై నిపుణుల నివేదికను విచారణ దశలోనే తెప్పించుకోవాలని నిర్దేశించింది.

అంటే చట్టం నిపుణుణ్ణి పిలిచింది. ఆ నిపుణుణ్ణి తయారు చేయవలసిన పాఠ్యప్రణాళిక ఏదన్నది జవాబు కోరే ప్రశ్న. కొన్ని నెలల క్రితం జరిగిన ఘటన నాటి మానసిక సామర్థ్యాన్ని నేటి సంభాషణ ఆధారంగా ఎంతవరకు చెప్పవచ్చు? చికిత్స కోసం రూపొందిన మనోపరీక్షను న్యాయనిర్ణయానికి వాడవచ్చా? చికిత్సలో నిపుణుడి బాధ్యత రోగిపట్ల. న్యాయస్థానంలో అతని బాధ్యత సత్యంపట్ల. ఈ తేడా తెలియకుండా రాసిన నివేదిక ఒక బాలుడి యావజ్జీవితాన్ని నిర్ణయిస్తుంది.

10. తెలుగు వాంగ్మూలం: పరిశోధన లేని క్షేత్రం

తెలుగు రాష్ట్రాల విచారణ న్యాయస్థానాలలో సాక్షి తెలుగులో చెప్పిన మాట అనేక సందర్భాలలో ఇంగ్లీషులో నమోదవుతుంది. పాశ్చాత్య దేశాల ప్రయోగాలు ఒకే భాషలో ప్రశ్న, జవాబు, నమోదు జరిగే పరిస్థితిని ఊహించుకొన్నవి. మన పరిస్థితి వేరు. ఈ విషయంలో తెలుగు వ్యాకరణం నుంచే మూడు అంశాలు చూపవచ్చు.

మొదటిది '-అట' ప్రత్యయం. 'వాడు వచ్చాడు' అంటే చెప్పేవాడు తాను ఎరిగినదిగా చెబుతున్నాడు. 'వాడు వచ్చాడట' అంటే వేరెవరో చెప్పగా విన్నాడు. సాక్షి ప్రత్యక్షంగా ఎరిగిన విషయమే చెప్పాలన్నది సాక్ష్యచట్టంలో ప్రాథమిక నియమం. తెలుగు ఆ భేదాన్ని ఒక్క ప్రత్యయంతో తెలియజేస్తుంది. ఇంగ్లీషు నమోదులో ఆ ప్రత్యయానికి తగిన మాట చేర్చకపోతే విన్న విషయం చూసిన విషయంగా మారిపోతుంది.

రెండోది 'మేము', 'మనము' భేదం. 'మనం వెళదాం' అన్నాడంటే ఎదుటివాణ్ణి కలుపుకొన్నాడు. 'మేం వెళతాం' అన్నాడంటే కలుపుకోలేదు. పలువురి ఉమ్మడి ఉద్దేశాన్ని, కుట్రను నిర్ణయించవలసిన కేసులో ఈ భేదం కీలకం కావచ్చు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే సర్వనామం.

మూడోది నిర్దిష్టతకు సంబంధించినది. ప్రశ్నలో నిర్దేశక ఉపపదం వాడితే లేని వస్తువును చూశామనేవారు పెరుగుతారని లాఫ్టస్, జానీ 1975లో చూపారు. తెలుగులో అటువంటి ఉపపదం లేదు. 'పగిలిన లైటు చూశావా?' అన్న ప్రశ్న రెండు విధాలా అర్థమవుతుంది. 'ఆ' చేర్చితే వస్తువు ఉన్నట్టు సూచన. 'ఏదైనా' చేర్చితే తటస్థత. ఈ భేదం తెలుగు సాక్షులపై ఏ మేరకు పనిచేస్తుందో ఇంగ్లీషు ప్రయోగ ఫలితాల నుంచి ఊహించలేం. 'తగిలింది', 'రాసుకుంది', 'గుద్దింది', 'ఢీకొట్టింది' అనే క్రియలు వేగపు అంచనాను ఎలా మారుస్తాయన్నదీ తెలుగులో ప్రయోగం చేసి తెలుసుకోవలసిందే. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక దృశ్యచిత్రం, రెండు రకాల ప్రశ్నపత్రాలు, ఒక తరగతి విద్యార్థులు చాలు. కాటెల్, స్టెర్న్‌ల వద్ద ఉన్నవీ దాదాపు అవే.

11. పాఠ్యప్రణాళికకు సూచనలు

పై చర్చ ఆధారంగా తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఈ క్రింది అంశాలను పరిశీలించవచ్చు.

మొదట, న్యాయ మనోవిజ్ఞానాన్ని మనోవిజ్ఞాన, న్యాయశాస్త్ర విభాగాలు కలిసి బోధించాలి. విద్యార్థికి సాక్ష్యచట్టం, ప్రయోగ పద్ధతి రెండూ తెలియాలి. రెండు, సాక్షి జ్ఞాపకం, గుర్తింపు, పిల్లల వాంగ్మూలం, అసత్యపు ఒప్పుకోళ్ళు పాఠ్యంలో ముందుండాలి. పాలీగ్రాఫ్ వంటి సాధనాలను వాటి పరిమితులతో, సెల్వి తీర్పుతో కలిపి చెప్పాలి. మూడు, న్యాయవిద్యార్థులకు తరగతి గది ప్రయోగాలు తప్పనిసరి కావాలి. నాలుగు, తెలుగు, భాషాశాస్త్ర విభాగాలను కలుపుకొని తెలుగు వాంగ్మూలాల నమోదు, అనువాదాలపై పరిశోధన జరగాలి. వ్యక్తుల వివరాలు తొలగించిన తీర్పులు, వాంగ్మూలాలు దీనికి ఆకరాలవుతాయి. ఐదు, మన జనాభాపై ప్రమాణీకరించిన మనోపరీక్షలు తెలుగులో రూపొందాలి. వేరొక సమాజంలో తయారైన ప్రమాణంతో గిరిజన బాలుడి అవగాహనను కొలవడం న్యాయం కాదు.

12. ముగింపు

న్యాయ మనోవిజ్ఞాన బోధన చరిత్ర నుంచి తేలే ప్రధానాంశాలు ఇవి.

ఈ శాస్త్రం తరగతి గదిలో, సాక్ష్యంపై సందేహంగా జన్మించింది. నిర్ధారణకు ముందే న్యాయస్థానంలోకి వెళ్ళినప్పుడల్లా అది విశ్వసనీయతను కోల్పోయింది. భారతదేశంలో మున్‌స్టర్‌బర్గ్ శిష్యుడి చేతిమీదుగా మనోవిజ్ఞానం విశ్వవిద్యాలయంలో ప్రవేశించినా, న్యాయ మనోవిజ్ఞానం దర్యాప్తు ప్రయోగశాలలోనే పెరిగింది. ఫలితంగా నిందితుణ్ణి పరీక్షించే సాధనాలు వచ్చినంతగా, సాక్షిని, అధికారిని, భాషను పరీక్షించే పరిశోధన రాలేదు. బాలల న్యాయచట్టం, ఇటీవలి సుప్రీంకోర్టు తీర్పులు నిపుణుల అవసరాన్ని చట్టబద్ధం చేశాయి కనుక ఈ లోటును పూడ్చడం ఇక వాయిదా వేయదగినది కాదు. తెలుగు సాక్షి చెప్పిన '-అట' నమోదులో నిలిచిందా లేదా అన్నది ఒక మనిషి స్వేచ్ఛకు సంబంధించిన విషయం. దాన్ని పరిశోధించే అర్హత, అవకాశం, బాధ్యత అన్నిటికన్నా ముందు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలవే.